బీరువాలో పెళ్ళి క్యాసెట్

1985 ప్రాంతం నుంచి 2005 దాకా మన ఊళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు చాలావాటికి ఇవాళ మిగిలిన సాక్ష్యాలు రెండే. ఒకటి ఫొటో ఆల్బం, రెండోది నల్లటి వీడియో క్యాసెట్. ఆల్బం ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి తిరగేసుకోవచ్చు. క్యాసెట్‌తో అది కుదరదు. అది బీరువా పై అరలోనో, అటక మీద అట్టపెట్టెలోనో, పట్టుచీరల అడుగున కలరా ఉండల వాసన పట్టించుకునో పడి ఉంటుంది. దాని వీపు మీద స్కెచ్ పెన్నుతో వధూవరుల పేర్లు, ముహూర్తం తేదీ, స్టూడియో పేరు, కింద అయిదంకెల ఫోన్ నంబరు. లోపల ఏముందో ఇంటిల్లిపాదికీ తెలుసు. చూసి మాత్రం ఏళ్ళు గడిచిపోయాయి. చూద్దామంటే వీసీఆర్ లేదు.

ఈ క్యాసెట్లని డిస్కులోకో కంప్యూటర్‌లోకో ఎక్కించుకోవడం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. మా బంధువర్గంలో ఇంకా తిరిగే వీసీఆర్ మా ఇంట్లోనే ఉంది. అందుకని ఎవరి క్యాసెట్ బయటపడినా అది చేరేది మా ఇంటికే. నేను చెప్పేవి చాలామటుకు అలా చేతికి తగిలి తెలిసిన సంగతులు.

ముందు ఆ క్యాసెట్లో ఏముందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు రంగుల టీవీ వచ్చింది. ఆ వెనకే వీసీఆర్ వచ్చింది. వీధి చివర వీడియో షాపులు వెలిశాయి. టీవీ, వీసీఆర్, మూడు సినిమాలు కలిపి రాత్రికింత అని అద్దెకిచ్చేవారు. వీధి వీధంతా ఒక ఇంటి అరుగు మీద తెల్లవార్లూ కూర్చునేది. అప్పటిదాకా ఫొటోలు తీసే స్టూడియో వాళ్ళు మెల్లగా వీడియో కెమెరాలు కొన్నారు. పెళ్ళి మాటలప్పుడే లాంఛనాలతో పాటు వీడియో ఖర్చు ఎవరిదన్న చర్చ కూడా మొదలైంది.

భుజం మీద పెద్ద కెమెరా, దాని పక్కనే సన్‌గన్ లైటు పట్టుకున్న కుర్రాడు, ఆ కుర్రాడి వెనక జనం కాళ్ళకి అడ్డంపడుతూ వైరు. ఆ లైటు వేడి మొహం మీద పడితే పెళ్ళికూతురి కల్యాణం బొట్టు కరిగి కారేది. పురోహితుడు కళ్ళు చికిలించుకుని మంత్రం చదివేవాడు. అయ్యగారు చెప్పిన ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయేది. కెమెరామెన్ మాత్రం "సార్, చెయ్యి తలమీదే ఉంచండి, ఇటు చూడండి" అని దాన్ని ఇంకో రెండు నిమిషాలు సాగదీసేవాడు. తరవాత మిక్సింగ్. తామర పువ్వు విచ్చుకుంటుంది, అందులో పెళ్ళికూతురి మొహం గిర్రున తిరుగుతుంది, పక్కన హృదయం ఆకారంలో పెళ్ళికొడుకు. ఇప్పటి పిల్లలు దీన్ని చూసి పడీ పడీ నవ్వుతారు. నాకైతే ఆ తామర పువ్వుల మీద ఏమీ కోపం లేదు. కోపమల్లా మిక్సింగ్‌లో జరిగిన ఇంకో పని మీద. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

క్యాసెట్ పాడైపోతుందేమోనని చాలామంది భయపడతారు. దానికంటే ముందు పోతున్నది యంత్రం. ఈ క్యాసెట్ల వీహెచ్ఎస్ పద్ధతిని జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. ఆఖరిదాకా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన ఫునాయ్ అనే జపాన్ కంపెనీ కూడా 2016 జూలైతో ఆపేసింది. అంటే ఇప్పుడు ప్రపంచంలో ఉన్న వీసీఆర్లన్నీ పాతవే. లోపలి రబ్బరు బెల్టులు సాగిపోతాయి, టేపుని నొక్కి లాగే రబ్బరు రోలరు గట్టిపడుతుంది, టేపు మీది బొమ్మని చదివే హెడ్లు అరుగుతాయి. కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల వెతికితే ఓ పాత మిషనో, విడిభాగమో దొరికితే దొరకొచ్చు. దాన్ని విప్పి సరిచేయగల మెకానిక్ దొరకడమే కష్టం. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు సెల్ ఫోన్లు బాగుచేస్తున్నారు, లేదా మానేసి ఇంటిపట్టున ఉన్నారు.

యంత్రం ఎందుకంత సున్నితమో తెలిస్తే, క్యాసెట్లు ఎక్కించుకోవడానికి తొందర ఎందుకో అర్థమవుతుంది. వీహెచ్ఎస్ టేపు వెడల్పు అర అంగుళం. మన దేశంలో వాడిన మూడు గంటల క్యాసెట్లో టేపు పొడవు సుమారు 250 మీటర్లు. అది సెకనుకి రెండు సెంటీమీటర్ల చిల్లర వేగంతో నింపాదిగా కదులుతుంది. బొమ్మని అందుకోవడానికి ఆ వేగం ఎంతమాత్రం చాలదు. అందుకని ఏం చేశారంటే, హెడ్లని ఒక గుండ్రటి డ్రమ్ముకి బిగించి, దాన్ని కొంచెం వాలుగా పెట్టి, నిమిషానికి 1500 చుట్లు తిప్పారు. టేపు ఆ డ్రమ్ము చుట్టూ సగం దాకా ఆనుకుని పోతుంటే, హెడ్లు దాని మీద ఏటవాలుగా సెకనుకి 50 గీతలు గీస్తాయి. ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మూడు గంటల పెళ్ళికి ఇలాంటివి 5 లక్షల 40 వేల గీతలు. తిరిగి చూసేటప్పుడు హెడ్లు సరిగ్గా ఆ గీతల మీదుగానే పోవాలి. కాస్త పక్కకి తప్పితే తెర మీద అడ్డంగా తెల్ల చారలొస్తాయి. ట్రాకింగ్ మీట తిప్పి మనం సరిచేసేది దాన్నే.

ఇంకో సంగతి. వీసీఆర్లో పాజ్ నొక్కితే బొమ్మ ఆగుతుంది కానీ హెడ్లు ఆగవు. టేపు నిలబడిపోయిన అదే చోట గిర్రున తిరుగుతూ రాస్తూనే ఉంటాయి. అందుకే బాగా ఆడిన పెళ్ళి క్యాసెట్‌ని చూస్తే ఆ ఇంట్లో దేన్ని ఎక్కువ చూశారో ఇట్టే తెలిసిపోతుంది. మొదటి పావుగంట, తలంబ్రాలు, ఉంగరం కోసం బిందెలో చేతులు పెట్టిన చోటు, అప్పగింతలు అరిగి ఉంటాయి. తెల్లచుక్కలు అక్కడే చిటపటలాడతాయి. భోజనాల బంతి మాత్రం నిన్న తీసినట్టుంటుంది.

సరే, క్యాసెట్ చేతికొచ్చింది. నేరుగా మిషన్లోకి తోయకండి. ముందు దాని కిటికీలోంచి టార్చి వేసి చూడండి. చుట్ట నల్లగా, నున్నగా ఉంటే మంచిదే. చుట్ట అంచు మీద తెల్లటి పొడిలాగా, బూడిద జల్లినట్టు, లేదా సన్నటి దారాల్లాగా కనిపించిందంటే అది బూజు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వైపు ఇళ్ళ నుంచి వచ్చేవాటిలో ఇది తరచుగా కనిపిస్తుంది. సముద్రపు గాలి తేమ, గాలాడని బీరువా, ఏళ్ళ తరబడి కదపకపోవడం, బూజుకి ఇంకేం కావాలి? బూజు పట్టిన టేపుని మిషన్లో వేస్తే హెడ్లు మూసుకుపోతాయి, ఆ తరవాత వేసిన మంచి క్యాసెట్లకీ అంటుకుంటుంది. అలాంటిదాన్ని ఒక కవర్లో పెట్టి విడిగా ఉంచండి. శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి. మీరే చేయాలనుకుంటే మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా మూత తెరవకండి.

టేపు తెగినా కంగారుపడనక్కర్లేదు. క్యాసెట్ అడుగున అయిదు మరలుంటాయి. అవి విప్పితే పెట్టె రెండు పలకలుగా వస్తుంది. విప్పే ముందు టేపు ఏ కడ్డీ వెనకనుంచి ఏ కడ్డీ మీదకి పోతోందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తెగిన చోట రెండు కొసలూ శుభ్రంగా కత్తిరించి అతికించాలి. అతుకు వెనకవైపు పడాలి. అంటే చుట్టలో లోపలికి తిరిగి ఉండే వైపు. బయటి వైపు బొమ్మ ఉన్న పొర. పుస్తకాలకి వేసే సెల్లో టేపు వాడొద్దు, దాని జిగురు ఎండకి కారి పక్క చుట్లకీ, హెడ్లకీ అంటుకుంటుంది. దీనికోసమే తయారయ్యే అతుకు టేపు వేరే ఉంది. అతికించాక ఒకసారి ఎక్కించుకుని, మళ్ళీ ఆ క్యాసెట్‌ని ఆడించకపోవడమే మంచిది.

హెడ్లు తుడవడం గురించి ఒక్క మాట. స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డని డ్రమ్ముకి ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందకీ రుద్దారంటే హెడ్డు విరిగి ఊడొస్తుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ఆ దరిదాపులకి తేవద్దు.

ఇక ఎక్కించడం. ఇది ఎంతసేపటి పని అని అందరూ అడుగుతారు. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలే. దీనికి అడ్డదారి లేదు. క్యాసెట్ మొదటినుంచి చివరిదాకా ఆడాల్సిందే, ఆడుతున్నంతసేపూ కంప్యూటర్ రాసుకోవాల్సిందే. బస్తాడు క్యాసెట్లు తీసుకుని రేపు సాయంత్రం రండి అనే షాపు ఉందంటే, అక్కడ నాలుగైదు మిషన్లైనా ఉండాలి, లేకపోతే ఎవరూ దగ్గరుండి చూడటం లేదని అర్థం. మధ్యలో ట్రాకింగ్ తప్పి అరగంటసేపు చారలే ఎక్కినా వాళ్ళకి తెలియదు.

షాపుకిచ్చే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. "నాకు డిస్కు ఒక్కటే కాదు, అసలు ఫైలు కూడా కావాలి" అనండి. మన క్యాసెట్లు పాల్ అనే టీవీ పద్ధతివి. వాటిని 720 అడ్డం, 576 నిలువు, సెకనుకి 25 ఫ్రేముల చొప్పున తీసుకోవాలి. చవక యూఎస్‌బీ పుల్ల ఒకటి తగిలించి, అమెరికా లెక్కలో 640 అడ్డం, 480 నిలువు, 30 ఫ్రేములు పెట్టి ఎక్కించేవాళ్ళున్నారు. అలా చేస్తే కదలికలన్నీ గతుకులు పడతాయి. పాత టీవీ బొమ్మ సరిసంఖ్య గీతలూ, బేసి గీతలూ విడివిడిగా వచ్చి కలిసేది. దాన్ని సరిగా చూసుకోకపోతే పెళ్ళికూతురు తల తిప్పినప్పుడల్లా జడ అంచున దువ్వెన పళ్ళలా గీతలొస్తాయి. మిషన్‌కి ఎస్-వీడియో సాకెట్ ఉంటే పసుపు పిన్నుకి బదులు అదే వాడమనండి, రంగులు అంచులు దాటి కారవు. బొమ్మ పైభాగం గాలికి ఊగినట్టు వంగిపోతుంటే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం కావాలి. అది లేనివాళ్ళు కొన్ని పాత డీవీడీ రికార్డర్ల గుండా బొమ్మని పంపి అదే పని చేయించుకుంటారు. ఇది బాగా పనిచేసే కిటుకు.

డిస్కు సంగతి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మూడు గంటల పెళ్ళిని మొత్తం ఒక్క డిస్కులో కుక్కమంటే కుక్కేస్తారు. అప్పుడు పందిట్లో కాగితం పువ్వులన్నీ గళ్ళు గళ్ళుగా చెదిరిపోతాయి. ఒక డిస్కుకి గంట, మహా అయితే గంటన్నర. అంతకి మించనివ్వకండి. నాణ్యత ఏమీ పోకుండా దాచుకునే అసలు ఫైలు చాలా పెద్దది, మూడు గంటల క్యాసెట్‌కి వంద జీబీ దాకా కూడా పట్టొచ్చు. ఒకప్పుడు అది మోయలేని బరువు. ఇప్పుడు అరచేతిలో పట్టే హార్డ్ డిస్కులో ఇలాంటివి పది పెట్టుకోవచ్చు.

డిస్కులో ఎక్కించాం కదా, ఇక శాశ్వతం అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కొనుక్కున్న సినిమా డీవీడీలో గుర్తులు అచ్చు పోసి ఉంటాయి. మనం రాయించుకున్న దాంట్లో ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని కాల్చి గుర్తులు పెడుతుంది. ఎండకీ వేడికీ ఆ రంగు వెలుస్తుంది. మన వేసవుల్లో కిటికీ పక్కన పెట్టిన డిస్కు ఎన్నాళ్ళుంటుందో నేను హామీ ఇవ్వలేను. పైగా ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే లేదు. కాబట్టి డిస్కు అమ్మమ్మ కోసం, ఇంకా డీవీడీ ప్లేయర్ ఉన్న బాబాయి కోసం. మనం దాచుకోవాల్సింది ఫైలు. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న అక్కయ్య ఇంట్లో ఉంచండి. ఒకే బీరువాలో రెండూ పెడితే రెండూ ఒకేసారి పోతాయి.

ఎక్కించాక పాత క్యాసెట్ పారేయాలా? వద్దు. దీనికి మన దగ్గరే ఒక పాఠం ఉంది. 2000 తరవాత అయిదారేళ్ళు వీసీడీల మోజు నడిచింది. క్యాసెట్ ఇస్తే రెండు మూడు వీసీడీలు చేసిచ్చేవారు. వీసీడీలో బొమ్మ కొలత 352 అడ్డం, 288 నిలువు. అంటే అటు సగం, ఇటు సగం. క్యాసెట్లో ఉన్న నాణ్యతే అంతంతమాత్రం, అందులో నాలుగో వంతు చుక్కల్లోకి దాన్ని కుదించారు. మనవాళ్ళు అది చూసి, మెరిసే డిస్కు కదా అని మురిసి, క్యాసెట్లు పాతసామాన్ల వాడికి వేసేశారు. ఇవాళ ఆ ఇళ్ళలో గీతలు పడ్డ వీసీడీయే దిక్కు. ఇప్పుడు మనం చేసేదే ఆఖరి మాట అని ఎందుకనుకోవాలి? టేపు మీది గీతల్ని ఇంతకంటే బాగా చదివే పద్ధతి రేపు రావచ్చు. క్యాసెట్‌ని మొదటికంటా చుట్టి, పుస్తకంలా నిలబెట్టి, పొడిగా ఉన్న చోట ఉంచండి. వీపు మీద ఎడమ మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటే విరిచేయండి. అది లేకపోతే మిషన్ దాని మీద కొత్తగా రికార్డు చేయదు. పెళ్ళి క్యాసెట్ల మీద ఆదివారం సీరియల్ రికార్డు చేసిన ఇళ్ళు లేకపోలేదు. ఆ మాటకొస్తే, 1969లో చంద్రుడి మీద మనిషి నడిచినప్పుడు నేరుగా అందిన అసలు టేపుల్నే నాసా వాళ్ళు తుడిచి మళ్ళీ వాడుకున్నారు.

ఏఐతో మీ పెళ్ళిని హెచ్‌డీ చేసిస్తాం అనేవాళ్ళు ఇప్పుడు వచ్చారు. సరదాకి ఒక కాపీ చేయించుకోండి, తప్పులేదు. కానీ అది తాతగారి మొహంలో లేని గీతలు తనే ఊహించి గీస్తుంది. ముడతలు నున్నగా చేసి మైనపు బొమ్మని చేస్తుంది. చారలున్నా, మసకగా ఉన్నా, ఆ క్యాసెట్లో ఉన్నది తాతగారే.

ఇందాక మిక్సింగ్ మీద కోపమన్నాను కదా. బొమ్మకి కాదు, శబ్దానికి చేసిన అన్యాయం అది. సన్నాయి, గట్టిమేళం, పురోహితుడి మంత్రం, ఆడవాళ్ళ వేళాకోళాలు, వంటశాల నుంచి కేకలు, అన్నీ తీసేసి మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచారు. మాంగల్యధారణ వేళ బాజాల మోత వినబడదు, డ్యూయెట్ వినబడుతుంది. నాన్నమ్మ పెదవులు కదులుతుంటాయి, ఏమన్నదో తెలియదు. రేడియోలో కూర్చుని చెబుతున్నాను కాబట్టి ఈ బాధ నాకు కొంచెం ఎక్కువేమో. దీనికి ఒక చిన్న ఆశ ఉంది. వీహెచ్ఎస్ టేపు అంచున ఒక మామూలు శబ్దపు గీత ఉంటుంది. హై-ఫై మిషన్‌తో రికార్డు చేసిన వాటిలో బొమ్మ అడుగునే ఇంకో శబ్దం కూడా ఉంటుంది. అదే టేపు మీద తరవాత పాట ఎక్కిస్తే మారేది అంచున ఉన్న గీత మాత్రమే. అడుగున ఉన్నది అలాగే ఉండిపోతుంది. మన పెళ్ళి కెమెరాల్లో హై-ఫై ఉన్నవి తక్కువే. ఇంకో క్యాసెట్లోకి కాపీ చేసి మిక్సింగ్ చేశారా, ఈ ఆశ కూడా లేదు. అయినా హై-ఫై వీసీఆర్ దొరికితే దాని శబ్దం ఎంచుకునే మీట అటూ ఇటూ మార్చి విని చూడండి, పోయేదేముంది. అలాగే స్టూడియో వాళ్ళ దగ్గర మిక్సింగ్ చేయని ముడి క్యాసెట్ ఏమైనా మిగిలిందేమో ఒకసారి అడగండి. ఆ పాటలతోనే యూట్యూబ్‌లో పెడితే పాటల హక్కుదారుల నోటీసు వస్తుంది, అది వేరే తలనొప్పి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రెండు మాటలు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, మనది 625. ఇక్కడినుంచి చెల్లెలి పెళ్ళి క్యాసెట్ పంపితే అక్కడి మామూలు వీసీఆర్లో బొమ్మ నిలిచేది కాదు. అక్కడినుంచి మనవరాలి పుట్టినరోజు పంపితే ఇక్కడా అదే కథ. అలాంటివాటికి రెండు పద్ధతులూ చదివే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. అగ్గిపెట్టెంత చిన్న టేపులుంటే అవి మినీ డీవీ కావచ్చు. వాటిలో ఉన్నది ముందే డిజిటల్. ఆ కెమెరాయే తెచ్చి ఫైర్‌వైర్ తీగతో కలిపితే గంటకి 13 జీబీ చొప్పున ఏ మార్పూ లేకుండా దిగుతుంది. దాన్ని పసుపు, ఎరుపు పిన్నులతో ఎక్కించే షాపుకి ఇవ్వకండి. 8 మిల్లీమీటర్ల టేపులకీ ఆ జాతి కెమెరా ఉండాల్సిందే. అందుకే అటకలో పాత కెమెరా కనిపిస్తే పారేయొద్దంటాను.

చివరిగా, ఎక్కించేటప్పుడు విసుగు పుట్టించే భాగాలని కత్తిరించమనకండి. బంతి భోజనాలు, విడిదింట్లో కాఫీలు, చదివింపుల వరస, ఖాళీ కుర్చీలు, అవి అలాగే ఉంచండి. అప్పటి వీధి, ఇప్పుడు లేని పెంకుటిల్లు, గోడ మీది సినిమా పోస్టరు అక్కడే కనిపిస్తాయి. చదివింపుల దగ్గర కుర్చీలో కూర్చుని నోటుబుక్కులో పేర్లు రాసే పెద్దాయన ఈ ఒక్క క్యాసెట్లోనే మీకు మళ్ళీ కనిపించవచ్చు.

ఆ మొహాలకి పేర్లు తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఫైలు చేతికి రాగానే టీవీకి తగిలించి వాళ్ళని కూర్చోబెట్టండి. వీసీఆర్‌లా కాదు, దీన్ని ఎన్నిసార్లు పాజ్ చేసినా అరగదు. పక్కన ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఒక్కొక్కరి దగ్గరా ఆపి ఎవరని అడగండి. పేరుతో ఆగరు, ఊరు చెబుతారు, వరస చెబుతారు, ఆయనకీ మీ తాతగారికీ పొలం గట్టు దగ్గర వచ్చిన తగాదా చెబుతారు. మా ఇంట్లో అలా కూర్చున్నప్పుడు మొదటి బంతిలో గళ్ళ చొక్కా ఆయన దగ్గర బండి ఆగిపోయింది. విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని, వడ్డించేవాడిని పేరు పెట్టి పిలిచి రెండోసారి బూరెలు వేయించుకుంటున్నాడు. మగపెళ్ళివారి తాలూకు అని మా పెద్దమ్మ. కాదు, ఆడపెళ్ళివారి తరఫు అని వియ్యపురాలు. ఇద్దరూ కళ్ళజోళ్ళు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ వేయించి చూశారు. ఆయనెవరో ఇంకా తేలలేదు.